నిర్వచనం ఎక్కడ తప్పుతుంది? వైద్య, జీవరసాయన, వృక్షశాస్త్ర పదాలపై చర్చ

పదకోశం:
సభ్యులందరికీ నమస్కారం. డిగ్రీ విద్యార్థుల కోసం వైద్యం, జీవరసాయన శాస్త్రం, వృక్షశాస్త్రం అనే మూడు రంగాల పదాలకు తెలుగులో నిర్వచనాలు రాసే పని పెట్టుకున్నాను. ఒక పదానికి సమానమైన తెలుగు మాట వెతకడం అంత కష్టంగా లేదు. ఆ మాట కింద ఒక్క వాక్యంలో దాని స్వరూపం చెప్పబోయేసరికి మాత్రం కలం ఆగిపోతోంది. ఈరోజు సరిగ్గా ఉందనిపించిన వాక్యంలో రేపు చదివితే లోటు కనిపిస్తోంది. మచ్చుకు మూడు ఇస్తున్నాను. మొహమాటం లేకుండా తప్పులు పట్టండి.

ఎంజైమ్: జీవకణాల్లో రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్.
ఫలం: ఫలదీకరణ జరిగిన తరువాత పువ్వులోని అండాశయం పెరిగి ఏర్పడే భాగం.
రక్తహీనత: శరీరంలో రక్తం తగ్గిపోవడం.

మూడోది నాకే తృప్తిగా లేదు. పదాన్ని విడదీస్తే వచ్చే అర్థం అదే కనుక ప్రస్తుతానికి అలా ఉంచాను.

తర్కజిజ్ఞాసి:
పదకోశం గారూ, మీరు పడుతున్న ఇబ్బందిని మన తర్కశాస్త్రం ఏనాడో గుర్తించి, దానికి పేర్లు కూడా పెట్టింది. అక్కడ నిర్వచనాన్ని ‘లక్షణం’ అంటారు. లక్షణానికి మూడు దోషాలు ఉండవచ్చునని చెప్పి, మూడింటికీ ఆవునే ఉదాహరణగా తీసుకుంటారు. ‘కపిల వర్ణం గలది ఆవు’ అంటే తెల్లావులూ నల్లావులూ బయట ఉండిపోతాయి. అది అవ్యాప్తి. ‘కొమ్ములు గలది ఆవు’ అంటే గేదే మేకా కూడా లోపలికి వచ్చేస్తాయి. అది అతివ్యాప్తి. ‘చీలని గిట్ట గలది ఆవు’ అంటే ఏ ఒక్క ఆవుకూ వర్తించదు కనుక అది అసంభవం. చివరికి ‘గంగడోలు మొదలైనవి గలది’ అన్న లక్షణం దగ్గర నిలుస్తారు.

మీ మూడు వాక్యాలనూ ఈ కొలబద్దతో కొలవండి. లోపల ఉండవలసినది ఏదైనా బయట పడిందా, బయట ఉండవలసినది ఏదైనా లోపలికి చొరబడిందా అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. సమాధానాలు చెప్పడానికి మాత్రం ఆయా శాస్త్రాలు చదివినవారే కావాలి. నాకు తర్కం తెలుసు గానీ ఎంజైములు తెలియవు.

జీవరసాయని:
ఎంజైమ్ సంగతి నేను చూస్తాను. ఆ చిన్న వాక్యంలో మూడు చోట్ల అభ్యంతరం ఉంది.

మొదటిది ‘జీవకణాల్లో’ అన్న మాట. జీర్ణాశయంలో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ కణాల వెలుపలే పనిచేస్తాయి. అంతకంటే గట్టి సాక్ష్యం 1897లోనే దొరికింది. ఈస్ట్ కణాలను నూరి పిండిన రసంలో సజీవమైన కణం ఒక్కటి లేకపోయినా చక్కెర ఆల్కహాల్‌గా మారుతుందని ఎడ్వర్డ్ బుక్నర్ చూపాడు. కిణ్వనం జరగాలంటే బతికున్న కణం ఉండి తీరాలన్న నమ్మకం ఆ ప్రయోగంతో కూలిపోయింది, జీవరసాయన శాస్త్రం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడింది. ఆ శాస్త్రానికి పునాది వేసిన ప్రయోగాన్నే మీ వాక్యం బయట పెడుతోంది. కనుక ‘జీవులు తయారుచేసుకునే’ అనండి, ‘కణాల్లో’ అనకండి.

రెండోది ‘వేగవంతం చేసే ప్రోటీన్’. ఇన్సులిన్ కూడా ప్రోటీనే, గ్లూకోజ్ గ్లైకోజన్‌గా మారడాన్ని అదీ త్వరపరుస్తుంది. అయినా అది ఎంజైమ్ కాదు, హార్మోన్. అది ఆ చర్యలో స్వయంగా పాల్గొనదు, కణం ఉపరితలం మీది గ్రాహకానికి సందేశం అందించి, లోపల ఉన్న ఎంజైములు చురుకెక్కేటట్లు చేస్తుంది. ఇది స్పష్టమైన అతివ్యాప్తి. దీన్ని ఆపాలంటే ‘ఉత్ప్రేరకం’ అన్న మాట వాక్యంలో ఉండక తప్పదు. ఉత్ప్రేరకం చర్యలో తాను పాల్గొంటుంది, చర్య మొదలుకావడానికి కావలసిన శక్తిని, అంటే ఉత్తేజన శక్తిని తగ్గిస్తుంది, చర్య ముగిశాక మొదటి రూపంలోనే మిగులుతుంది. సమతాస్థితి ఎక్కడ ఉండాలో నిర్ణయించదు, అక్కడికి త్వరగా చేరుస్తుంది, అంతే.

మూడోది, అన్నిటికంటే ఆసక్తికరమైనది, ‘ప్రోటీన్’ అన్న మాట. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమ్‌ను స్ఫటికాలుగా వేరుచేసి అది ప్రోటీన్ అని చూపాడు. ఆ తరువాత ఎంజైములన్నీ ప్రోటీన్లేనన్న మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. 1980ల తొలినాళ్లలో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ వేర్వేరుగా చేసిన పనితో ఆర్‌ఎన్‌ఏ కూడా ఉత్ప్రేరకంగా పనిచేయగలదని తేలింది, 1989లో వారిద్దరికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ నిర్వచనం రాసేవారు గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. చెక్ చూసిన ఆర్‌ఎన్‌ఏ తనలోని ఒక ముక్కను తానే కోసుకుని, మిగిలిన కొసలను తానే అతుక్కుంటుంది. అంటే చర్య ముగిసేసరికి అది మారిపోయింది కనుక, కచ్చితంగా చూస్తే ఉత్ప్రేరకం కాదని వాదించవచ్చు. ఆల్ట్‌మన్ పరిశీలించిన ఆర్‌ఎన్‌ఏజ్–పి అనే ఎంజైములోని ఆర్‌ఎన్‌ఏ భాగం మాత్రం ఇతర ఆర్‌ఎన్‌ఏలను కోసి, తాను మారకుండా మిగులుతుంది. నిర్వచనంలోని ఒక్క షరతు ఈ రెండింటినీ వేరుచేస్తోంది చూడండి.

ఇలాంటి ఆర్‌ఎన్‌ఏలను ‘రైబోజైములు’ అంటారు. వాటిని ఎంజైముల్లో చేర్చాలా, ‘జీవ ఉత్ప్రేరకాలు’ అనే పెద్ద తరగతిలో పక్కన ఉంచాలా అన్నది మీ నిర్ణయం. ఏది ఎంచుకున్నా పుస్తకమంతటా దానికే కట్టుబడండి.

పుప్పొడి:
ఫలం నా వంతు.

‘ఫలదీకరణ తరువాత ఏర్పడేది ఫలం’ అన్నప్పుడు తెలుగులో ఒక చిక్కు వస్తుంది, ఇది ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించదు. ‘ఫలదీకరణ’ అన్న మాటలోనే ఫలం ఉంది. అందువల్ల చదివేవారికి ఫలం అంటే ఫలంగా మారడం వల్ల ఏర్పడేది అన్నట్లు తోస్తుంది. వాస్తవానికి ఫలదీకరణ అంటే పురుష, స్త్రీ సంయోగబీజాలు కలవడం, ఫలంతో దానికి నేరుగా సంబంధం లేదు. జంతువుల్లోనూ అదే మాట వాడుతున్నాం కదా.

అసలు ఇబ్బంది అరటి దగ్గర వస్తుంది. మనం పెంచే అరటిలో ఫలదీకరణ జరగకుండానే అండాశయం పెరిగి కాయవుతుంది. అందుకే లోపల నిండైన విత్తనాలు ఉండవు, నల్లని చుక్కలు మాత్రమే ఉంటాయి. ఇలాంటివాటిని అనిషేక ఫలాలు అంటారు. తర్కజిజ్ఞాసి గారి మాటలో చెప్పాలంటే ఇది నూటికి నూరుపాళ్లు అవ్యాప్తి. ‘ఫలదీకరణ జరిగిన తరువాత’ అన్న షరతు తీసేసి ‘పక్వమైన అండాశయం’ అంటే అరటి లోపలికి వస్తుంది.

అయితే ఆ వాక్యం ఆపిల్ దగ్గర మళ్లీ తడబడుతుంది. ఆపిల్‌లో మనం తినే కండ చాలావరకు పుష్పాసనం (పువ్వు భాగాలు అమరి ఉండే కాడ కొస) నుంచి వచ్చింది, అండాశయం నుంచి వచ్చింది మధ్యలో గింజలున్న గట్టి భాగం. స్ట్రాబెర్రీలో ఎర్రటి కండ అంతా పుష్పాసనమే, దాని మీద అంటుకుని ఉన్న చిన్న గింజల్లాంటివి ఒక్కొక్కటీ ఒక్కో ఫలం. జీడిమామిడిలో ఉబ్బిన రసభరితమైన భాగం పువ్వు కాడ, దాని కింద వేలాడే మూత్రపిండాకారపు గట్టి కాయే అసలు ఫలం. వీటికోసం వృక్షశాస్త్రం ‘అనృత ఫలం’ అనే పేరు పెట్టుకుంది. కనుక ‘ఫలం: పక్వమైన అండాశయం, కొన్ని మొక్కల్లో పుష్పాసనం వంటి ఇతర పుష్పభాగాలు కూడా దానితో కలిసి పెరుగుతాయి, అటువంటివాటిని అనృత ఫలాలు అంటారు’ అని రాస్తే నాకు అభ్యంతరం ఉండదు.

ఇంకొక సంగతి. వరి, గోధుమ, మొక్కజొన్న గింజలను మనం విత్తనాలంటాం. వాటిలో బీజకవచం ఫలకవచానికి విడదీయలేనంతగా అతుక్కుపోయి ఉంటుంది కనుక శాస్త్రప్రకారం గింజ మొత్తం ఒక ఫలమే. దాని పేరు కవచబీజకం. పొద్దుతిరుగుడు గింజ కూడా ఫలమే. వాడుకలోని ‘గింజ’, శాస్త్రంలోని ‘విత్తనం’ ఒకటి కావని మీ పుస్తకంలో ఎక్కడో ఒకచోట గట్టిగా చెప్పండి.

సామాన్య పాఠకుడు:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఈ లెక్కన టమాటా, వంకాయ, మిరపకాయ అన్నీ ఫలాలే అవుతాయి. జనం వాటిని కూరగాయలంటారు. కోట్లమంది వాడే మాట తప్పు, కొద్దిమంది వాడే మాట ఒప్పు అని పిల్లలకు నేర్పడం సబబేనా?

పుప్పొడి:
మీ ప్రశ్న న్యాయమైనదే. ఇది ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1883 నాటి సుంకాల చట్టం దిగుమతి అయ్యే కూరగాయల మీద పన్ను వేసింది, పండ్ల మీద వేయలేదు. టమాటా పండు కనుక పన్ను చెల్లదని వ్యాపారులు వాదించారు. 1893లో కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెబుతూ, వృక్షశాస్త్రం ప్రకారం టమాటా ఫలమేనని ఒప్పుకుంది. కానీ చట్టంలోని మాటకు జనవ్యవహారంలో ఉన్న అర్థమే తీసుకోవాలి కనుక పన్ను విషయంలో అది కూరగాయే అని తేల్చింది.

నేను దీన్ని ఒప్పుకుంటాను. ‘కూరగాయ’ అన్నది వంటకు సంబంధించిన వర్గం, ‘ఫలం’ అన్నది మొక్క శరీర నిర్మాణానికి సంబంధించిన వర్గం. టమాటా రెండింటిలోనూ ఉండవచ్చు. ఈ విషయంలో తెలుగుకు ఒక సౌకర్యం కూడా ఉంది. మనకు కాయ, పండు, ఫలం అని మూడు మాటలున్నాయి. కాయ ముగ్గితే పండు అవుతుంది, అది దశకు సంబంధించిన భేదం. శాస్త్రానికి ‘ఫలం’ ఒక్కటే కేటాయించుకుంటే, వాడుకలోని కాయనూ పండునూ ఎవరూ తప్పుపట్టనవసరం లేదు.

జీవశాస్త్ర విద్యార్థిని:
‘దుంప’ విషయంలో కూడా ఇలాగే చేయవచ్చునా సార్? బంగాళాదుంప, చిలగడదుంప రెండూ దుంపలే అంటాం కానీ పరీక్షలో ఒకటి కాండం అనీ మరొకటి వేరు అనీ రాయమంటారు.

పుప్పొడి:
తప్పకుండా చేయవచ్చునమ్మా. భూమిలో ఉంటే వేరు అన్న భావనే అక్కడ పొరపాటుకు మూలం. గుర్తించడానికి చూడవలసినది కణుపులు. బంగాళాదుంప మీది ‘కళ్లు’ నిజానికి కణుపుల దగ్గర ఉండే మొగ్గలు, కణుపులుంటే అది కాండం. చిలగడదుంపకు కణుపులు ఉండవు, అది ఉబ్బిన వేరు. అల్లం కొమ్ము కూడా కాండమే, దాని మీద కణుపులూ పొలుసు ఆకులూ స్పష్టంగా కనిపిస్తాయి. ఎక్కడ ఉందన్నది కాక, నిర్మాణం ఏమిటన్నది చూసి నిర్వచించాలి.

వైద్యాధ్యాపకుడు:
రక్తహీనత నిర్వచనం చూసి ఆగలేక రాస్తున్నాను. ‘రక్తం తగ్గిపోవడం’ అన్న వాక్యంలో ఇటు అవ్యాప్తి, అటు అతివ్యాప్తి రెండూ ఉన్నాయి.

గర్భిణుల్లో రక్తం పరిమాణం పెరుగుతుంది. అయితే అందులో ప్లాస్మా అనే ద్రవభాగం ఎక్కువగా, ఎర్రరక్తకణాలు తక్కువగా పెరుగుతాయి కనుక హిమోగ్లోబిన్ గాఢత పడిపోతుంది. రక్తం ఎక్కువైన మనిషికే రక్తహీనత ఉండవచ్చునన్నమాట. దీనికి విరుద్ధంగా, ప్రమాదంలో ఒక్కసారిగా రక్తం పోయిన మనిషిని వెంటనే పరీక్షిస్తే హిమోగ్లోబిన్ గాఢత దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. కణాలూ ప్లాస్మా సమపాళ్లలోనే పోయాయి కనుక, మిగిలిన రక్తం పలచబడడానికి గంటలు పడుతుంది. అతనికి రక్తం తగ్గింది, కొలతలో రక్తహీనత మాత్రం ఇంకా కనిపించదు. కనుక నిర్వచనం రక్తం పరిమాణం మీద కాక, ఆక్సిజన్‌ను మోసే సామర్థ్యం మీద నిలబడాలి.

వైద్యంలో మరొక చిక్కు ఉంది. ఎంజైమ్‌కూ ఫలానికీ గంగడోలు వంటి గుర్తు వెతకవచ్చు. మా పదాల్లో చాలావాటికి అటువంటి గుర్తు ఉండదు, ఒక గీత మాత్రమే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం పురుషుల్లో డెసీలీటరు రక్తానికి 13 గ్రాములు, గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములు కంటే హిమోగ్లోబిన్ తక్కువుంటే రక్తహీనత. 12.9కీ 13.0కీ మధ్య ప్రకృతి ఏ గోడా కట్టలేదు. ఆ గీత మనం గీసుకున్నది, అవసరమైతే జరుపుకుంటాం కూడా. మధుమేహానికి పరగడుపు గ్లూకోజ్ హద్దు ఒకప్పుడు డెసీలీటరుకు 140 మిల్లీగ్రాములుగా ఉండేది. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దాన్ని 126కి దించింది. 130 ఉన్న మనిషి దేహంలో ఏ మార్పూ లేకుండానే, నిర్వచనం మారినందువల్ల మధుమేహుల లెక్కలోకి వచ్చాడు. ఆ మార్పు వృథాగా చేసినది కాదు, కంటి రెటీనా దెబ్బతినడం ఏ స్థాయి దగ్గర ఎక్కువవుతోందో చూసి చేసినది. అయినా మీ పుస్తకంలో వ్యాధి స్వరూపం వేరుగా, దాన్ని నిర్ధారించే కొలత వేరుగా రాయండి. కొలత మారినప్పుడు రెండో వాక్యం దిద్దుకుంటే సరిపోతుంది.

అనువాదం వల్ల వచ్చే హాని గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘అక్యూట్’ అన్న పదాన్ని మన పుస్తకాలు ‘తీవ్రం’ అంటున్నాయి. వైద్యంలో ఆ పదానికి అర్థం హఠాత్తుగా మొదలై కొద్ది కాలమే ఉండేది అని, ప్రమాదకరమైనది అని కాదు. నేను పనిచేసిన ఒకచోట ఒక రోగి నివేదికను తెలుగు చేసి ‘తీవ్ర బ్రాంకైటిస్’ అని ఇచ్చారు. అది కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గే దగ్గు. ఆ ఇంట్లోవారు మాత్రం రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. దీనికి ఎదురుగా, ‘దీర్ఘకాలిక’ అన్న మాట వినగానే నెమ్మదైనది అని తేలికపడతారు. మూత్రపిండాల దీర్ఘకాలిక వ్యాధి అంటే లోపం మూడు నెలలకు మించి ఉన్నదనే అర్థం, అది ప్రాణాంతక దశలోనూ ఉండవచ్చు. నా సూచన: అక్యూట్‌కు ‘ఆకస్మిక, స్వల్పకాలిక’ అని రాసి, ‘తీవ్రం’ అన్న మాటను రోగబలం చెప్పడానికే ఉంచండి.

‘అంటువ్యాధి’ కూడా అంతే. సూక్ష్మజీవుల వల్ల వచ్చే ప్రతి వ్యాధీ అంటుకోదు. ధనుర్వాతం నేలలో ఉండే బాక్టీరియా గాయంలో చేరడం వల్ల వస్తుంది, రోగిని తాకితే రాదు. సూక్ష్మజీవుల వల్ల వచ్చేవన్నీ సంక్రమణ వ్యాధులు, వాటిలో మనిషి నుంచి మనిషికి సోకేవి మాత్రమే అంటువ్యాధులు.

అనువాదకురాలు:
అధ్యాపకుడు గారు చెప్పినదానికి కొనసాగింపుగా ఒక సందేహం. పదం చూడగానే అర్థం తెలియాలన్న మంచి ఉద్దేశంతో మన పెద్దలు మాంసకృత్తులు, పిండిపదార్థాలు అనే మాటలు కల్పించారు. నాకు ఆ మాటలంటే ఇష్టం, వదులుకోవాలని లేదు. కానీ ‘మాంసకృత్తులు’ అంటే మాంసంలోనే ఉంటాయేమోనని విద్యార్థులు అనుకుంటున్నారు. ‘పిండిపదార్థం’ అంటే స్టార్చ్ ఒక్కటేనా, పాలలోని లాక్టోజ్ కూడానా అన్నది తేలడం లేదు. పేరునే నిర్వచనంగా తీసుకునే ఈ అలవాటును ఎలా ఆపాలి?

జీవరసాయని:
పేరు మోసం చేయడం తెలుగులో మాత్రమే జరగలేదండీ. ‘కార్బోహైడ్రేట్’ అన్న మాటకు నీరు చేరిన కార్బన్ అని అర్థం. ఆ పేరును నిర్వచనంగా తీసుకుంటే, డీఎన్‌ఏలోని డీఆక్సీరైబోజ్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ నీటి నిష్పత్తిలో లేవు కనుక అది చక్కెర కాకుండా పోతుంది. ఎసిటిక్ ఆమ్లంలో ఆ నిష్పత్తి సరిగ్గా ఉంది కనుక అది కార్బోహైడ్రేట్ అయి కూర్చుంటుంది. నిలబడే నిర్వచనం ఇది: అనేక హైడ్రాక్సిల్ సమూహాలున్న ఆల్డిహైడ్లు, కీటోన్లు, జలవిశ్లేషణలో (నీటితో విడిపోయినప్పుడు) వాటిని ఇచ్చే సమ్మేళనాలు. తెలుగులో స్టార్చ్‌ను ‘పిండి’ అనీ, మొత్తం తరగతిని ‘కార్బోహైడ్రేట్లు’ అనీ అంటే లాక్టోజ్ గొడవ తీరిపోతుంది.

విటమిన్ కథ కూడా అదే. 1912లో కాసిమిర్ ఫంక్ వీటన్నిటినీ ప్రాణాధారమైన అమైన్లుగా (నైట్రోజన్ ఉన్న ఒక తరగతి సమ్మేళనాలుగా) భావించి ఆ పేరు పెట్టాడు. అన్నీ అమైన్లు కావని తేలాక, 1920లో జాక్ డ్రమండ్ సూచన మీద ఆంగ్లంలో ఆ పేరు (vitamine) చివరనున్న e అక్షరం తీసేశారు. పేరు మిగిలింది, దాని వ్యుత్పత్తి చెల్లకుండా పోయింది. నిర్వచనంలోని ప్రతి షరతుకూ ఇక్కడ పని ఉంటుంది. ‘కర్బన సమ్మేళనం’ అనకపోతే ఇనుము లోపలికి వస్తుంది. ‘అతి తక్కువ పరిమాణంలో’ అనకపోతే అత్యవసర అమైనో ఆమ్లాలు వస్తాయి. అవి రోజుకు గ్రాముల్లో కావాలి, పెద్దలకు బి12 సుమారు 2.4 మైక్రోగ్రాములు చాలు. ‘ఆ జీవి తనకు చాలినంతగా తయారుచేసుకోలేనిది’ అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఎలుక ఆస్కార్బిక్ ఆమ్లాన్ని తానే తయారుచేసుకుంటుంది, మనిషి, గినీపిగ్ చేసుకోలేరు. ఒకే పదార్థం మనకు విటమిన్, ఎలుకకు కాదు. అంటే విటమిన్ అన్నది పదార్థపు గుణం కాదు, పదార్థానికీ జీవికీ ఉన్న సంబంధం. ఎండ తగిలితే చర్మంలో తయారయ్యే విటమిన్ డి ఈ షరతు దగ్గర ఇరుకున పడుతుంది. ‘చాలినంతగా’, ‘అన్ని పరిస్థితుల్లోనూ’ అన్న మాటలు చేర్చి దాన్ని నిలబెట్టుకోవాలి.

పదకోశం:
మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. తిరగరాసినవి చూడండి.

ఎంజైమ్: జీవులు తయారుచేసుకునే ఉత్ప్రేరకం, సాధారణంగా ప్రోటీన్, నిర్దిష్టమైన రసాయన చర్యకు కావలసిన ఉత్తేజన శక్తిని తగ్గించి దాని వేగాన్ని పెంచుతుంది, చర్య ముగిశాక తాను మారకుండా మిగులుతుంది. ఉత్ప్రేరకాలుగా పనిచేసే ఆర్‌ఎన్‌ఏలను రైబోజైములు అంటారు.

ఫలం: పక్వమైన అండాశయం, ఇతర పుష్పభాగాలు కూడా కలిసి పెరిగితే అది అనృత ఫలం.

రక్తహీనత: హిమోగ్లోబిన్ లేదా ఎర్రరక్తకణాలు తగ్గి, శరీర అవసరాలకు చాలినంత ఆక్సిజన్‌ను రక్తం మోయలేని స్థితి. కొలత: పురుషుల్లో 13, స్త్రీలలో 12 గ్రాముల కంటే తక్కువ.

వైద్యాధ్యాపకుడు:
బాగుంది. కొలత వాక్యంలో మాత్రం ‘డెసీలీటరుకు’ అన్న ప్రమాణం జారిపోయింది, ‘గర్భిణులు కాని’ అన్న విశేషణం కూడా పోయింది. అలాగే ఈ అంకెలు సముద్రమట్టం దగ్గర నివసించే పెద్దలవి. ఎత్తైన ప్రదేశాల్లో గాలిలో ఆక్సిజన్ పీడనం తక్కువ కనుక శరీరం హిమోగ్లోబిన్‌ను పెంచుకుంటుంది, అక్కడ హద్దు పైకి జరపాలి.

పదకోశం:
మూడూ చేర్చాను. రేపు ‘శోథ’ (ఇన్‌ఫ్లమేషన్), ‘వాపు’ రెండింటినీ ఇక్కడ పెడతాను. ఎరుపు, వేడి, నొప్పి, వాపు నాలుగూ శోథలో భాగాలైతే, వాపు ఒక్కటే ఉన్నచోట శోథ అనకూడదని రాసుకున్నాను. గుండె వైఫల్యంలో పాదాలకు నీరు దిగడాన్ని ఏ పేరుతో చెప్పాలో అధ్యాపకుడు గారు సెలవివ్వాలి.

వైద్యాధ్యాపకుడు:
దాన్ని ‘నీటివాపు’ అనండి. అక్కడ నాళాల్లో పీడనం పెరిగి ద్రవం కణజాలంలోకి ఊరుతుంది, ఎరుపు గానీ వేడి గానీ ఉండవు, వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది.